మే నెల క్లాసులో నీళ్లాట పెట్టొచ్చా?

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో వేసవి క్లాసు, 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు ఆరుగురు. ఇద్దరికి ఆటిజం, ఒక బాబుకి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో ఉండని స్థితి). విశాఖ ఉక్కపోతకి పదింటికే డీలా పడిపోతున్నారు. ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు: నీళ్లాట నిక్షేపంగా పెట్టండి మేడమ్. ఎనిమిదింటికే మొదలెట్టండి. టబ్బులో 3 అంగుళాలకి మించి నీళ్లొద్దు, పక్కనుంచి పెద్దవాళ్లు కదలకూడదు, అవగానే పారబోయాలి. ఇసుక కూడా పెడితే బీచ్‌ది వద్దు, గవ్వ ముక్కలు గుచ్చుకుంటాయి. తడి తగిలితే ముడుచుకుపోయే పిల్లల చెయ్యి పట్టి ముంచకండి. ముందు గరిటె ఇవ్వండి, వేళ్లు వాటంతటవే వస్తాయి.

జవాబు: సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబు కాళ్లు వేలాడుతుంటే ఒళ్లు నిలవదు, చేతులూ ఆడవు. పాదాల కింద పీట వేయండి, టబ్బు మోచేతి ఎత్తులో ఉంచండి. కప్పు పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు దొరుకుతుంది.

ఇక అసలు సంబరం: పిల్లాడు ఖాళీ కప్పు మీకు చాచి మీవైపు చూశాడంటే ‘ఇంకా’ అని అడిగినట్టే. వెంటనే పోయండి, కానీ కొంచెమే. నింపేస్తే మళ్లీ అడగడు!

జవాబు: ఆట ఆపేటప్పుడే ఏడుపులు. ‘ముందు నీళ్లు, తర్వాత మామిడిపండు’ బొమ్మల కార్డు మొదట్లోనే చూపించండి, చివర్లో కాదు.