ఇనప సిలిండర్ బుల్లెట్‌కి హై లిఫ్ట్ క్యాములు వేయొచ్చా? ఆర్‌పీఎం ఎంత దాకా?

చంద్రగిరి_బండి:
అన్నలూ, మా నాయన నడిపిన 1986 బుల్లెట్ 350 ఇంజన్ విప్పించినా. క్యాములు (వాల్వుల్ని తెరిచే ముక్కలు) రెండూ అరిగిపోయినాయి. బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది కీలు) పాత ఫ్లోటింగ్ బుష్షే. ఎట్లాగూ మార్చాల్సిందే కదా, వాల్వును ఇంకా ఎక్కువ ఎత్తు తెరిచే హై లిఫ్ట్ క్యాములు వేసేద్దామంటాడు మెకానిక్. భాకరాపేట ఘాట్ మీద మదనపల్లెకు తరచూ పోతాంటా. వేయమంటారా?

వేగం_మనది:
వేయించు తమ్ముడూ. 18 హార్స్‌పవర్ 5,625 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర వస్తుందని కంపెనీయే చెప్పింది. అంటే అంతదాకా తిరగడానికే చేసిన ఇంజన్ అది. ఊపిరి బాగా ఆడితే ఇంకా లాగుతుంది.

పలమనేరు_పాతబండి:
వద్దు నాయనా. ఆ 5,625 అనేది గరిష్ఠ శక్తి దొరికే చోటు, గంటల తరబడి ఉంచమని కాదు. ఈ బండి స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 90 మి.మీ. 4,500 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 13.5 మీటర్లు, 5,625 దగ్గర దాదాపు 17. వేగం పావు వంతు పెరిగినట్టే కనిపిస్తుంది గానీ కనెక్టింగ్ రాడ్‌ను గుంజే బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది, అంటే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. దాన్నంతా మోసేది నీ పాత బుష్షే. దానికి 4,500 నా హద్దు. ఓవర్‌టేక్‌కు కాసేపు 5,000.

ఇక క్యాము సంగతి. హై లిఫ్ట్ అని అమ్మేవాటిలో చాలావరకు వాల్వు తెరిచి ఉండే సేపు కూడా ఎక్కువే. ఇన్‌లెట్ ఆలస్యంగా మూసుకుంటే, తక్కువ ఆర్‌పీఎంలో లోపలికొచ్చిన మిక్స్చర్ కొంత కార్బురేటర్ వైపుకే తిరిగిపోతుంది. లాభం పైన, నష్టం కింద. ఘాట్‌లో నీకు కావాల్సిన దమ్ము కిందే ఉండాలి. పైన తిప్పుదామంటే బుష్ ఒప్పుకోదు. మరి ఆ క్యాము ఎందుకు?

వేగం_మనది:
బీఎస్ఏ గోల్డ్ స్టార్ 500 స్ట్రోక్ 88 మి.మీ. అన్నా. అది 7,000 తిరగలేదా? బుష్ బదులు రోలర్ బేరింగు బిగ్ ఎండ్ వేస్తే ఇదీ తిరుగుతుంది.

పలమనేరు_పాతబండి:
తిరిగింది, కాదనను. దాన్ని రేసులకు కూడా పనికొచ్చేలా కట్టినారు, రేసులాడేవాళ్ళు మాటిమాటికీ విప్పి చూసుకునేవాళ్ళు. మాంక్స్ నార్టన్ 500 చూడు. రేసుల కోసమే పుట్టిన బండి. ఇంకా తిప్పాలనుకున్నప్పుడు 1954లో స్ట్రోక్‌ను 100 నుంచి 85.6 మి.మీ.కి తగ్గించినారు. వాళ్ళే స్ట్రోక్ జోలికి పోవాల్సి వచ్చింది, మనం క్యాము ఒక్కటే మార్చి సరిపెట్టుకుంటామా? రోలర్ వేసినా ఇనప సిలిండర్ వేడి, వాల్వు స్ప్రింగు హద్దు మారవు. గట్టి స్ప్రింగు వేస్తే క్యాము, దాని మీద ఆని కదిలే ట్యాపెట్ త్వరగా అరుగుతాయి.

తమ్ముడూ, మామూలు క్యాములే వేయి, ట్యాపెట్లు కూడా కొత్తవే. పాత ట్యాపెట్ అడుగున గీతలుంటే కొత్త క్యామును తినేస్తుంది. బిగించినాక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, వాల్వులు మూసుకున్న చోట పుష్‌రాడ్‌ను (ట్యాపెట్ కదలికను పైకి చేర్చే కడ్డీ) వేళ్ళతో తిప్పి చూడు. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు.

చంద్రగిరి_బండి:
బండికి ఆర్‌పీఎం మీటరే లేదు కదన్నా, 4,500 ఎట్లా తెలిసేది?

పలమనేరు_పాతబండి:
ప్లగ్ వైరుకు చుట్టే చిన్న డిజిటల్ మీటర్లు దొరుకుతాయి. ఒక్కటి జాగ్రత్త. ఈ బండి పాయింట్లు (స్పార్క్ పుట్టించే స్విచ్చు) ఇంజన్ రెండు చుట్లకు ఒక్క స్పార్కే ఇస్తాయి. మీటర్‌లో ఆ సెట్టింగ్ పెట్టకపోతే 4,500ను 2,250గా చూపిస్తుంది. అది నమ్మి యాక్సిలరేటర్ తిప్పినావంటే ఇంజన్ పోతుంది.

వేగం_మనది:
మీటర్ మాట ఒప్పుకుంటా. పాత బుష్‌తో హై లిఫ్ట్ వద్దన్నా సరే. కానీ రోలర్ వేసి, హెడ్ పని చేయించి, పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ కొద్దిగా తెరిచి ఉండే చోట పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య సందు బంకమన్ను పెట్టి కొలిచి చూసుకుంటే, హైవే మీద తిరిగేవాడికి ఆ క్యాము పనికొస్తుంది. అక్కడ నా మాట మారదు.

చంద్రగిరి_బండి:
నాది ఘాట్ రోడ్డే అన్నా. మామూలు క్యాములూ ట్యాపెట్లూ తెమ్మని మెకానిక్‌కు చెప్పేసినా.