ఎలిఫెంట్ హిల్ (కేనియన్‌ల్యాండ్స్): నాలుగు డోర్ల జీప్ రూబికాన్‌కి గాలి ఎంత, గేరు ఏది?

మరుధూళి:
అక్టోబర్‌లో యూటా వెళ్తున్నాం. కేనియన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో నీడిల్స్ వైపు, ఎలిఫెంట్ హిల్ అనే రాళ్ల దారి ఎక్కాలని ప్లాన్. బండి జీప్ రాంగ్లర్ జేఎల్ రూబికాన్, ఆటోమేటిక్, 33 అంగుళాల టైర్లు, లిఫ్ట్ (బండి ఎత్తు పెంచే కిట్) లేదు. టైర్లలో గాలి ఎంతకి దించాలి? మెట్లలాంటి బండల మీద దిగేటప్పుడు బ్రేకా, గేరా? రివర్స్‌లో దిగాల్సిన చోటు ఉందంటున్నారు, నిజమేనా?

లోగేరు:
18–20 పీఎస్ఐ చాలు. బీడ్‌లాక్ రిమ్ములు (టైరు అంచుని బిగించి పట్టుకునేవి) లేకుండా 15 కన్నా దించితే, ఏటవాలు బండ మీద టైరు రిమ్ము వదిలేసే ప్రమాదం ఉంది. పార్కింగ్ దగ్గరే దించేయండి, ఎక్కుడు అక్కడే మొదలు. మళ్లీ గాలి నింపుకోవడానికి కంప్రెసర్ మర్చిపోవద్దు. తక్కువ గాలితో తారు రోడ్డు మీద స్పీడుగా పోతే టైరు పక్కగోడ వేడెక్కి పాడవుతుంది.

దిగేటప్పుడు ఫోర్ లో (నాలుగు చక్రాలకీ బలమిచ్చే నెమ్మది గేరు), మాన్యువల్‌లో ఒకటో గేరు. ఫోర్ లోలో ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక చక్రాలకి పంచే గేరు పెట్టె) వేగాన్ని 4:1 తగ్గిస్తుంది కాబట్టి బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది. అయినా మెట్టు అంచు దాటే క్షణంలో బ్రేక్ కావాలి, లేకపోతే ముందు చక్రాలు ధబ్బున పడతాయి. ఎక్కేటప్పుడు కూడా ఎడమ కాలు బ్రేక్ మీద తేలిగ్గా ఆనించి యాక్సిలరేటర్ ఇవ్వండి. టైరు మెట్టెక్కగానే బండి దూకకుండా ఉంటుంది. స్వే బార్ (ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీ) విడదీసే బటన్ మొదటే నొక్కేయండి.

రాతిమెట్టు:
రాయిని చక్రాల మధ్యకి తీసుకోకండి, టైరునే దాని మీదకి ఎక్కించండి. సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు) కదా, సస్పెన్షన్ ఎంత ఆడినా ఇరుసు మీద కిందికి ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ హౌసింగ్ ఎత్తు మారదు. పైగా ముందు హౌసింగ్ మధ్యలో ఉండదు, డ్రైవర్ వైపుకి జరిగి ఉంటుంది. కొత్త థార్‌కి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా ఆడేది), అది నడిపిన అలవాటుంటే ఇది గుర్తుపెట్టుకోవాలి.

రివర్స్ సంగతి నిజమే. కొండ అవతలి దిగుడులో ఒక మలుపు దగ్గర బండి తిరగదు, తర్వాతి ముక్క వెనక్కే దిగాలి. రెండు డోర్ల బండి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 96.8 అంగుళాలు, మీది 118.4. ఆ తేడా అక్కడ తెలుస్తుంది. స్పాటర్ (బయట నిలబడి దారి చూపే మనిషి) బండికి సరిగ్గా వెనక కాకుండా పక్కగా, మీ అద్దంలో కనిపించేలా నిలబడాలి. సైగ ఒక్కరే చేయాలి. "లెఫ్ట్, రైట్" వద్దు, రివర్స్‌లో ఎవరి లెఫ్టో తేలదు. "డ్రైవర్ వైపు, ప్యాసింజర్ వైపు" అనండి. ఇరుకు మలుపుల్లో ముందు చక్రాల లాకర్ ఆఫ్ చేసేయండి. అది ఆన్‌లో ఉండి రెండు ముందు చక్రాలూ ఒకే వేగంతో తిరిగితే, స్టీరింగ్ ఎంత కోసినా బండి నేరుగానే తోసుకుపోతుంది.

మరుధూళి:
థాంక్స్ అన్నా. బండి కడుపు రాళ్లకి ఆనుతుందా?

రాతిమెట్టు:
లిఫ్ట్ లేకపోతే ఆనుతుంది. స్కిడ్ ప్లేట్లు (అడుగున కాపాడే ఇనప రేకులు) ఉన్నవి అందుకే. మెల్లగా దిగి ఆనితే గీత పడుతుంది, ఊపుతో పడితే వంగుతుంది.

ఎర్రబండ:
పర్మిట్ గురించి ఎవరూ అనలేదు. ఈ దారికి డే యూజ్ పర్మిట్ ముందే తీసుకోవాలి. ఏటీవీలు, యూటీవీలు (చిన్న ఆఫ్‌రోడ్ బగ్గీలు) రానివ్వరు. కుక్కని బండిలో కూర్చోబెట్టినా కుదరదు. పార్కులో పెట్రోల్ దొరకదు, మోయాబ్‌లోనో మాంటిసెల్లోలోనో ట్యాంకు నింపుకోండి, ఫోర్ లోలో తాగుడు ఎక్కువ. బండి ఆగిపోతే టోయింగ్‌కి వెయ్యి డాలర్లు దాటుతుంది. అద్దె బండైతే కాగితాల్లో ఈ ట్రైల్‌కి ఒప్పుకున్నారో లేదో చదవండి.

ఎలిఫెంట్ హిల్ దాటగానే అయిపోయిందనుకోకండి, సిల్వర్ స్టెయిర్స్ అనే రాతి మెట్ల దిగుడు ఇంకా ముందుంది. కొంత దారి వన్ వే, నచ్చకపోతే వెనక్కి తిరుగుదామంటే వీలుండదు. ఎదురు బండికి దారివ్వాల్సి వస్తే బండ మీదకి జరగండి, పక్కన నల్లగా గరుకుగా కనిపించే మట్టి మీదకి వద్దు. అది జీవమున్న పొర, ఒక్క టైరు గాడి పడితే మళ్లీ పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.