ఫిజీ రాజధాని సువాలో నాలుగు రోజులు: ప్రయాణం, తిండి, వాన, ఆదివారం

ప్రశ్న (గోదారిగట్టు):
ఆగస్టులో అమ్మానాన్నలతో ఫిజీ వెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా నాండీకి (ఫిజీ అంతర్జాతీయ విమానాశ్రయం ఉన్న ఊరు) టికెట్లు తీసేసుకున్నాం. అక్కణ్ణుంచి సువాకి బస్సు మేలా, విమానమా? వీసా ముందే తీసుకోవాలా? నాన్నగారు శాకాహారి, ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా? ఇంకోటి, సువాలో బీచ్ ఉన్న హోటల్ ఒక్కటీ కనబడట్లేదు, ఎందుకని?

జవాబు (కొబ్బరిమట్ట):
బీచ్ లేదు కాబట్టే హోటల్ కనబడట్లేదండి. నగరం ఉన్నది ఒక ద్వీపకల్పం మీద, తూర్పున రేవా నది డెల్టా. ఒడ్డంతా ఒండ్రు, మడ చెట్లు. సముద్రం పక్కనే గోడ వెంబడి నడక బావుంటుంది, అదీ పోటు మీద. ఆటు సమయంలో వెళ్తే కనిపించేది బురదే. ఇసుక కావాలంటే నాండీ దారిలో సుమారు 50 కిలోమీటర్ల దూరాన పసిఫిక్ హార్బర్ ఉంది.

వీసా ముందే అక్కర్లేదు. భారత పాస్‌పోర్టుకి దిగాక 4 నెలల దాకా సందర్శక అనుమతి ఇస్తారు. పాస్‌పోర్టు 6 నెలలు చెల్లాలి, తిరుగు టికెట్ చూపించాలి. సింగపూర్‌లో బయటికి రాకపోతే గొడవ లేదు. వేర్వేరు టికెట్లు కొని సామాను మళ్ళీ చెక్-ఇన్ చెయ్యాల్సి వస్తే మాత్రం అక్కడి వీసా కావాలి. చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

నాండీ నుంచి సువా క్వీన్స్ రోడ్డు మీద దాదాపు 190 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బస్సుకి నాలుగు గంటలు. సువా వైపు వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి, సముద్రం అటే. విమానం గాల్లో ఉండేది అరగంటే, కానీ దిగేది నౌసోరిలో. అక్కణ్ణుంచి ఊరికి 23 కిలోమీటర్లు, ఉదయం, సాయంత్రం ట్రాఫిక్ గట్టిగా ఉంటుంది. పెద్దవాళ్ళకి మెలికల రోడ్డు పడకపోతేనే విమానం, లేకపోతే బస్సే నా ఓటు.

ఊళ్ళో బస్సులకి ఈ-ట్రాన్స్‌పోర్ట్ కార్డు కొని డబ్బు వేయించుకోండి. ట్యాక్సీ అయితే నంబరు ప్లేటు పసుపురంగులో, ఎల్‌టీ అక్షరాలతో మొదలవ్వాలి. కూర్చోగానే మీటర్ వెయ్యమనండి. చీకటి పడ్డాక బస్టాండు, మార్కెట్ చుట్టూ నడవకుండా ట్యాక్సీ ఎక్కడం మంచిది.

జవాబు (చామాకు_పులుసు):
ఆవకాయ సంగతి: తినే వస్తువు ఏదైనా సరే దిగినప్పుడు ఫారంలో రాసి చూపించాలి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా. పచ్చి కరివేపాకు, విత్తనాలు, పండ్లు, మాంసం అసలు పెట్టుకోకండి. అయినా వంటకి కావలసినవి అక్కడ దొరక్కపోవడమంటూ లేదు. మున్సిపల్ మార్కెట్లో బెండ, వంకాయ, పచ్చిమిర్చి, కొబ్బరి, కర్రపెండలం కుప్పలుగా పోసి అమ్ముతారు, కుప్పకింత అని ధర రాసి ఉంటుంది. శనివారం పొద్దున్నే వెళ్ళండి.

శాకాహారికి దారి చూపేది కూర, రోటీ అమ్మే చిన్న హోటళ్ళే. పప్పు, బంగాళాదుంప కూర ఎక్కడైనా ఉంటాయి. జాగ్రత్త పడాల్సింది పాలుసామీ దగ్గర. చామాకులో కొబ్బరిపాలు పోసి చేసే వంటకం, చూడ్డానికి అచ్చంగా మన ఆకుకూర. తరచూ డబ్బా గొడ్డుమాంసం కలుపుతారు, అడక్కుండా తినొద్దు. కోకోండా అంటే నిమ్మరసం, కొబ్బరిపాలల్లో నానిన పచ్చి చేప.

ప్లగ్గు ఆస్ట్రేలియా రకం, ఏటవాలు పలక పిన్నులు. కరెంటు 240 వోల్టులే కాబట్టి మన చార్జర్లకి అడాప్టర్ ఒక్కటి చాలు.

గోదారిగట్టు:
వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఆగస్టు పొడి కాలమే కదా, గొడుగు దండగేనా? మా అమ్మ ముత్తాత చెల్లెలు ఓడెక్కి ఫిజీ వెళ్ళిపోయిందని ఇంట్లో అంటుంటారు. వెతికే దారి ఏమైనా ఉందా?

జవాబు (దీవిదారి):
గొడుగు కచ్చితంగా పెట్టుకోండి. పొడి కాలమన్న మాట నాండీ వైపుకి సరిపోతుంది. ఆగ్నేయ గాలులు కొండలకి తగిలి వాన కురిసేది సువా వైపే, ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా. ఉదయం ఎండగా ఉంటే ముందు థోలో-ఇ-సువా (Colo-i-Suva) అడవి చూసెయ్యండి. అక్కడ రాళ్ళు పాచి పట్టి జారతాయి, మీ నాన్నగారికి పట్టున్న బూట్లు ఉండాలి. వాన పట్టుకుంటే థర్స్టన్ గార్డెన్స్‌లోని ఫిజీ మ్యూజియం. సిబ్బంది తిరుగుబాటుతో పేరుమోసిన బౌంటీ ఓడ చుక్కాని, 1867లో స్థానికులు చంపి తినేసిన మిషనరీ బేకర్ బూటు అడుగు అక్కడున్నాయి. డెంగీ ఉన్న దేశం, పగలు కూడా దోమల మందు రాసుకోండి. మలేరియా లేదు.

ఆదివారం మాత్రం చూసుకోండి. మార్కెట్టు మూత, దుకాణాలు చాలావరకు మూత, బస్సులు తక్కువ. ప్రయాణం ఆ రోజున పెట్టుకోకపోవడమే మంచిది.

ఇక వెతుకులాట. మద్రాసు రేవు నుంచి ఫిజీకి కూలీల ఓడలు 1903 నుంచి 1916 దాకా వెళ్ళాయి. విశాఖపట్నం, గోదావరి జిల్లాల వాళ్ళూ వాటిలో ఉన్నారు. వలస పాసులు సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు రాసి ఉంటాయి. పేరొక్కదానితో వెతికితే దొరకడం కష్టం. గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాసుకున్నారు, ఇంటిపేరు చాలావాటిలో ఉండదు. ఓడ పేరు, వెళ్ళిన సంవత్సరం, ఊరు ఈ మూడింట్లో కనీసం రెండు ఇంట్లో పెద్దల్ని అడిగి పట్టుకెళ్ళండి. వెళ్ళేముందు ఈమెయిల్ రాసి సమయం తీసుకుంటే రోజు వృథా కాదు.

దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘం 1941 నుంచీ ఉంది, బడులు నడుపుతుంది, వాళ్ళనీ అడగండి. తెలుగులో మాట్లాడేవాళ్ళు దొరుకుతారని ఆశ పెట్టుకోకండి, ఇప్పుడు ఇంటి భాష ఫిజీ హిందీయే. హోవెల్ రోడ్డు మారియమ్మ గుడిలో నిప్పుల మీద నడిచే ఉత్సవం జులై, ఆగస్టుల్లోనే జరుగుతుంది. తేదీ ఏటా మారుతుంది కాబట్టి హోటల్ బుక్ చేసే ముందే కనుక్కోండి.