బడి జాబితాలో ట్రౌజర్స్, ప్యాంట్స్ రెండూ ఉన్నాయి: తేడా ఏమిటి?

ప్రశ్న (లెస్టర్ నుంచి)

అందరికీ నమస్కారం. మేము గుంటూరు నుంచి ఇంగ్లండుకు వచ్చి కొద్ది వారాలే అయింది. మా అబ్బాయికి నాలుగేళ్లు నిండాయి, సెప్టెంబరులో రిసెప్షన్ తరగతిలో, అంటే ఇక్కడి బడిలో మొట్టమొదటి తరగతిలో, చేరుతున్నాడు. బడివాళ్లు ఒక జాబితా ఇచ్చారు. యూనిఫాం కింద బూడిద రంగు ట్రౌజర్స్, తెల్ల పోలో చొక్కా, నీలం జంపర్ అని ఉంది. సంచిలో పెట్టి పంపవలసినవి అంటూ వేరేగా స్పేర్ ప్యాంట్స్, సాక్స్, ఒక వెస్ట్ రాశారు. ఆటల కోసం షార్ట్స్, పంప్స్ అట.

ట్రౌజర్స్ అన్నా ప్యాంట్స్ అన్నా ఒకటే కదా, మరి రెండు మాటలు ఎందుకు వాడినట్టు? అదనంగా రెండు ప్యాంట్లు కొని పెట్టాలా? అవి కూడా బూడిద రంగువే ఉండాలా? వెస్ట్ అంటే సూటు కింద వేసుకునే చేతుల్లేని కోటు అని నాకు తెలుసు. చిన్న పిల్లవాడికి అదెందుకో అర్థం కాలేదు. కొనేముందు తెలిసినవారిని అడుగుదామని రాస్తున్నాను.

జవాబు (రెడింగ్ నుంచి, చిన్నపిల్లల తరగతిలో సహాయకురాలిని)

నమస్కారమండీ. బ్రిటన్‌లో ప్యాంట్స్ అంటే లోపల వేసుకునే డ్రాయరు. మనం ప్యాంటు అనేదాన్ని ఇక్కడ ట్రౌజర్స్ అంటారు. కాబట్టి జాబితాలో ఉన్నవి రెండూ వేర్వేరు వస్తువులే. స్పేర్ ప్యాంట్స్ అంటే రెండు మూడు డ్రాయర్లు పెట్టండి చాలు, రంగు పట్టింపు లేదు. ఆడపిల్లల జాబితాలో అయితే ఇదే చోట నిక్కర్స్ అని కూడా కనిపిస్తుంది. మన నిక్కరు లాగు, వీళ్ల నిక్కర్స్ ఆడవారి లోదుస్తులు. దుకాణంలో అబ్బాయికి నిక్కర్స్ కావాలని అడగకండి, షార్ట్స్ అని అడగండి.

వెస్ట్ అంటే చేతుల్లేని బనియను. చలికాలంలో పోలో చొక్కా లోపల వేస్తారు. మీరు అనుకున్న సూటు కోటును ఇక్కడ వెయిస్ట్‌కోట్ అంటారు. జంపర్ అంటే తల మీదుగా తొడుక్కునే స్వెటరు. పంప్స్ అంటే తేలికపాటి కాన్వాసు బూట్లు. కొన్ని బడులు వీటినే ప్లిమ్సోల్స్ అని రాస్తాయి.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పాలి. ఈ మాటలు మీకు తెలిస్తే చాలదు, బాబుకు తెలియాలి. ఈ వయసు పిల్లలు ఆటలో పడి ఆలస్యం చేసి బట్టలు తడుపుకోవడం మామూలే, అందుకే ఆ అదనపు జత అడుగుతారు. అప్పుడు టీచరు వంగి మెల్లగా, నీ ప్యాంట్స్ తడిశాయా అని ఇంగ్లీషులో అడుగుతుంది. ఇంట్లో డ్రాయరు, చెడ్డీ అన్న మాటలే విన్న పిల్లవాడు పైనున్న ప్యాంటు తడిమి చూసుకుని, అది పొడిగా ఉంటే లేదని తల ఊపుతాడు. తర్వాత ఆ తడి డ్రాయరుతోనే సాయంత్రం దాకా కూర్చుంటాడు. మన పిల్లల్లోనే కాదు, అమెరికా నుంచి వచ్చిన పిల్లల్లోనూ ఇలా జరగడం చూశాను, చాలా జాలి వేస్తుంది. బడి తెరిచేలోగా ఇంట్లో బట్టలు వేసేటప్పుడు ఇవి ప్యాంట్స్, ఇవి ట్రౌజర్స్ అని చెబుతూ ఉండండి. నాలుగు రోజుల్లో పట్టేస్తాడు.

ట్రౌజర్స్ కొనేటప్పుడు గుండీ, హుక్కు ఉన్నవి వద్దు. నడుముకు ఎలాస్టిక్ ఉన్నవి తీసుకోండి. బాత్రూముకు వెళ్లినప్పుడు తన బట్టలు తానే దించుకుని ఎత్తుకోగలగాలి. అన్నింటి మీదా పేరు రాయడం మరవకండి. తరగతిలో ముప్పై మంది ఉంటే ముప్పై జంపర్లూ ఒకే నీలం రంగులో ఉంటాయి.

జవాబు (మాంచెస్టర్ నుంచి)

పైన చెప్పినదంతా సరైనదే. ఒక్క మాట చేర్చాలి. మా వైపు, అంటే ఇంగ్లండు ఉత్తరాన, ముఖ్యంగా లాంకషైర్ ప్రాంతంలో, చాలామంది ట్రౌజర్స్‌నే ప్యాంట్స్ అంటారు. నాతో పనిచేసే ఇక్కడి పెద్దాయన ఎప్పుడూ అలాగే అంటాడు. అయితే బడి కాగితాల్లో ఎక్కువగా ట్రౌజర్స్ అనే రాస్తారు. పైగా ఒకే జాబితాలో రెండు మాటలూ ఉన్నాయంటే ఇక అనుమానం అక్కర్లేదు, రెండోది లోదుస్తే. ఇంకొకటి, ఏదైనా సినిమానో భోజనమో ప్యాంట్స్ అని ఇక్కడివారు అంటే చెత్తగా ఉందని అర్థం. మీరు మాత్రం ఆఫీసులో వాడకండి.

జవాబు (హైదరాబాద్ నుంచి, ఇంగ్లీషు ఉపాధ్యాయుడిని)

ఈ తేడా ఎలా వచ్చిందో తెలిస్తే గుర్తుపెట్టుకోవడం తేలిక. ఇటలీలో వీధి నాటకాల్లో పాంటలోనే అని వెనిస్ నగరపు ముసలి వ్యాపారి పాత్ర ఒకటి ఉండేది. ఆ పాత్ర వేషంలో కాళ్లకు అతుక్కున్నట్టుండే ఎర్రటి దుస్తులు ప్రత్యేకం. ఆ పేరు మీదే పాంటలూన్స్ అన్న మాట పుట్టింది. 19వ శతాబ్దంలో అమెరికన్లు దాన్ని కుదించి ప్యాంట్స్ అన్నారు, పైన వేసుకునే వస్త్రానికే వాడుకున్నారు. బ్రిటన్‌లో ఆ మాట లోపలి వస్త్రానికి స్థిరపడింది.

నిక్కరుకూ ఇలాంటి కథే ఉంది. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ న్యూయార్క్ చరిత్ర పేరుతో ఒక హాస్యగ్రంథం రాసి, దాన్ని నికర్‌బాకర్ అనే డచ్చి పేరుతో అచ్చు వేశాడు. ఆ పేరు తర్వాత మోకాళ్ల దగ్గర బిగించే వదులు లాగులకు వచ్చింది, దాని నుంచే నిక్కర్స్. మనకు పైన వేసుకునే లాగుగా అందింది, బ్రిటన్‌లో ఆడవారి లోదుస్తు అయింది.

వ్యాకరణం విషయంలో ఒక జాగ్రత్త. తెలుగులో ఒకటైతే ప్యాంటు, రెండైతే ప్యాంట్లు. ఇంగ్లీషులో ఒక్కటైనా ట్రౌజర్స్ బహువచనమే. లెక్క చెప్పాలంటే ముందు పెయిర్ ఆఫ్ చేర్చాలి. బట్టల కంపెనీల కేటలాగుల్లో పాంట్ అని ఏకవచనం కనిపిస్తుంది కానీ అది ఆ వ్యాపారంలోని వాడుక, మామూలు మాటల్లో వద్దు.

మళ్లీ అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. బాబుకు ఈ రోజు నుంచే నేర్పుతాను. ఇంకో సందేహం. మా అన్నయ్య కుటుంబం డాలస్‌లో ఉంది, వాళ్లు పిల్లల బట్టలు పంపుతామంటున్నారు. అక్కడి మాటలు కూడా ఇలాగేనా?

జవాబు (డాలస్ నుంచి)

కాదండీ, ఇక్కడ దాదాపు తలకిందులు. ప్యాంట్స్ అంటే మన ప్యాంటే. వెస్ట్ అంటే మీరు మొదట అనుకున్న సూటు కోటు. జంపర్ అంటే ఆడపిల్లలు చొక్కా మీద వేసుకునే చేతుల్లేని గౌను. మీ అన్నయ్యగారిని జంపర్ పంపమని అడిగితే అదే వస్తుంది, స్వెటరు అని చెప్పండి. సస్పెండర్స్ ఇక్కడ ప్యాంటు జారకుండా భుజాల మీదుగా వేసే పట్టీలు. మీ బ్రిటన్‌లో ఆ పట్టీలను బ్రేసెస్ అంటారు, సస్పెండర్స్ అంటే ఆడవారి మేజోళ్లను పట్టి ఉంచేవి.

జవాబు (రెడింగ్ నుంచి)

ఒకటి మరిచాను. ఆసుపత్రిలో మోకాలో నడుమో చూసేటప్పుడు డాక్టరు ట్రౌజర్స్ తీసి ప్యాంట్స్ ఉంచుకోమంటారు. మొదటిసారి వినేవారు తికమకపడి అలాగే నిలబడిపోతారు. పైది తీయండి, లోపలిది ఉండనివ్వండి అని అర్థం. మీ అమ్మగారు, నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు వారికి కూడా ముందే చెప్పి పెట్టండి.

బాబు సైజు చూసేటప్పుడు చీటీ మీద వయసుతో పాటు ఎత్తు సెంటీమీటర్లలో ఉంటుంది. వయసును బట్టి కాక ఎత్తును బట్టి తీసుకోండి. మీకు కొనుక్కునేటప్పుడు చీటీ మీద 32, 30 అని ఉంటే నడుము 32 అంగుళాలు, కాలి లోపలి కొలత 30 అంగుళాలు అని. మన దర్జీ నడుము నుంచి బయటి వైపు చీలమండ దాకా కొలిచి రాసుకునే 40 ఇక్కడ పనికిరాదు. ఇంట్లో సరిగ్గా సరిపోయే ప్యాంటు ఒకటి పరిచి, రెండు కాళ్లూ కలిసే కుట్టు దగ్గర నుంచి కింది అంచు దాకా టేపు పెట్టి కొలవండి. వచ్చిన అంకె రాసుకుని దుకాణానికి వెళ్లండి.