నీల్ యంగ్ ఆర్కైవ్స్ నాలుగో బాక్స్: ఎవరెవరు ఎదురు చూస్తున్నారు, అందులో ఏం ఉండాలి?

సైడ్_బీ
గాయకుడు నీల్ యంగ్ తన పాత రికార్డింగుల్ని ఏళ్ల వరసలో పేర్చి వేస్తున్న డిస్కుల పెట్టెల్లో మూడోది 1987 దగ్గర ఆగింది కదా, తర్వాతి దాని గురించి మాట్లాడుకుందాం. ఎప్పుడొస్తుంది అని మాత్రం అడక్కండి. మొదటిది 2009 జూన్‌లో, రెండోది 2020 నవంబర్‌లో, మూడోది 2024 సెప్టెంబర్‌లో వచ్చాయి. పదకొండేళ్ల ఎడం నాలుగేళ్లకు తగ్గినందుకు సంతోషమే కానీ, పెద్దాయన పుట్టింది 1945లో, మనకన్నా ఆయనకే తొందర ఉండాలి. నాకు కావాల్సింది 1988, 89. బాకాలూ శాక్సోఫోన్లూ వెంటేసుకుని బ్లూస్ పాడుతూ తిరిగిన మనిషి ఏడాది తిరిగేసరికి గిటార్‌తో చెవులు చిల్లులు పడేలా వాయించడం మొదలుపెట్టాడు. మధ్యలో స్టూడియోలో ఏం జరిగిందో వరసగా వినాలని ఉంది. మీకేం కావాలో చెప్పండి.

మూడో_తీగ
నాకు కావాల్సింది ఒక్కటే, ఇప్పటికే కొన్న డిస్కు మళ్ళీ అమ్మకుండా ఉండాలి. రెండో బాక్స్ తెరిస్తే టస్కలూసా కచేరీ ఉంది, రాక్సీ కచేరీ ఉంది, 'హోమ్‌గ్రోన్' ఉంది, మూడూ అంతకుముందే విడిగా వచ్చినవే. నాలుగో బాక్స్ కాలానికి చెందినవి అయితే ఇంకా ఎక్కువే బయటికొచ్చేశాయి: బ్లూనోట్ కెఫే కచేరీలు 2015లో, 1990 నాటి శాంటా క్రూజ్ క్లబ్ కచేరీ 2021లో. జపాన్, ఆస్ట్రేలియాల్లో మాత్రమే దొరికిన 'ఎల్డొరాడో' ఈపీ (కొన్ని పాటలే ఉన్న చిన్న రికార్డు) కూడా 2022లో పాత ఆల్బమ్‌ల సెట్‌లో వచ్చేసింది. అవన్నీ మళ్ళీ పెట్టి పెద్ద పెట్టె చేస్తే నేను కొనను. (కొంటాను, అది వేరే విషయం.)

సైడ్_బీ
బ్రాకెట్‌లో ఉన్నదే అసలు సమాధానం అన్నమాట.

టేపు_మాస్టారు
మూడో_తీగ గారూ, మీ కోపం న్యాయమే కానీ నేను ఇంకోలా చూస్తాను. ఈ బాక్సుల్లో నాకు రుచించేది కొత్త పాటల లెక్క కాదు. మూడో బాక్స్‌లో 198 ట్రాకులు, అందులో అసలు ఎప్పుడూ బయటికి రాని పాటలు 15. లెక్కే చూసుకుంటే ఇంత డబ్బుకి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆయన ఏది పూర్తి చేసి పక్కన పడేశాడో, దాని బదులు ఏది విడుదల చేశాడో పక్కపక్కనే వింటే మనిషి బుర్ర ఎలా పనిచేసిందో తెలుస్తుంది. 'హోమ్‌గ్రోన్' సంగతే చూడండి. 1974, 75ల్లో రికార్డ్ చేశాడు, సహచరి, నటి క్యారీ స్నాడ్‌గ్రెస్‌తో బంధం తెగిపోతున్న రోజులు, ఆల్బమ్ సిద్ధం. దాన్ని స్నేహితులకి వినిపిస్తే అదే టేపులో వెనక 1973 నాటి 'టునైట్స్ ద నైట్' కూడా ఉంది. 'ద బ్యాండ్' అనే గ్రూపులో వాయించే రిక్ డాంకో ఈ రెండోదే వెయ్యమన్నాడు. అంతే, తాగి రాత్రుళ్ళు రికార్డ్ చేసిన, ఇద్దరు స్నేహితుల చావు మీద పాడిన ఆ గరుకు ఆల్బమ్ 1975లో వచ్చింది, శ్రావ్యంగా ఉన్నది 2020 జూన్ దాకా అల్మరాలో ఉండిపోయింది. విడిగా వింటే 'హోమ్‌గ్రోన్' చక్కటి ఆల్బమ్, అంతకుమించి ఏం లేదనిపిస్తుంది. బాక్స్‌లో రాక్సీ కచేరీ తర్వాత కొంత దూరంలో అది తగిలినప్పుడు మాత్రం ఎందుకు దాచాడో నాకు అర్థమైంది. అందుకే విడి డిస్కు ఉన్నా బాక్స్‌లోనూ ఉండాలనే నేను అంటాను.

మూడో_తీగ
మాస్టారూ, మీరు చెప్పాక ఒప్పుకోబుద్ధేస్తోంది, అదే బాధ. అయినా 'ఓషన్‌సైడ్ కంట్రీసైడ్' మాటేమిటి? 2024 బాక్స్‌లో ఆ పేరుతో ఒక డిస్కు, 2025 మార్చిలో అదే పేరుతో ఎల్పీ. రెండిట్లో పాటల వరస ఒకటి కాదట, కాబట్టి రెండూ కొనాలట!

రాత్రి_రేడియో
'క్రోమ్ డ్రీమ్స్' గుర్తుందా? 1977లో వేద్దామనుకుని మానేశాడు, దొంగ టేపుల మీద లోకమంతా తిరిగింది. 2007లో 'క్రోమ్ డ్రీమ్స్ 2' వచ్చింది. ఒకటి ఎక్కడ అంటే 2023 దాకా ఆగండి అన్నాడు. ఇలాంటి మనిషికి అభిమానులం మనం.

కొత్త_చెవులు
ఇక్కడ అందరూ పెద్దవాళ్ళలా ఉన్నారు, నాది చిన్న ప్రశ్న. అంత పాత టేపులు ఇప్పటికీ పాడవకుండా ఎలా ఉన్నాయి? ఒకచోట ఓవెన్‌లో పెట్టి కాలుస్తారని చదివాను, జోక్ అనుకున్నా.

టేపు_మాస్టారు
జోక్ కాదు. నీల్ టేపుల్లో ఏయేవి అలా చేశారో చెప్పలేను గానీ, డెబ్భైల మధ్య నుంచి ఎనభైల దాకా తయారైన చాలా రకాల టేపులకి ఈ జబ్బు ఉంది. అయస్కాంత పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటించే జిగురు గాలిలో తేమ పీల్చుకుని ఏళ్ల తర్వాత చెడిపోతుంది. అప్పుడు మెషీన్‌లో పెడితే కీచుమంటూ అతుక్కుంటుంది, పొడి రాలి హెడ్ (మెషీన్‌లో టేపుని చదివే భాగం) మీద మట్టిలా పేరుకుంటుంది, రాలిన ప్రతి పొడి రేణువుతో పాటు పాటా పోతుంది. అందుకని 50 డిగ్రీల పైచిలుకు వేడిలో, ఒకే స్థాయిలో నిలిపి, గంటల తరబడి ఉంచుతారు, టేపు వెడల్పుని బట్టి ఇంకా ఎక్కువసేపు. తేమ ఆవిరైపోతే కొన్ని వారాలు బాగానే ఆడుతుంది, ఆ లోపు డిజిటల్‌లోకి ఎక్కించుకోవాలి. వంటింటి ఓవెన్‌లో మాత్రం ఎవరూ చెయ్యకండి, వేడి నిలకడగా ఉండదు. విచిత్రం ఏమిటంటే అరవైల టేపులు చాలావరకు ఈ జబ్బు లేకుండా గట్టిగా ఉంటాయి. కాబట్టి కొత్త బాక్సులు తేలిక, పాతవి కష్టం అనుకోవద్దు.

కొత్త_చెవులు
థాంక్స్ మాస్టారూ. ఇన్నేళ్ళు దాచి ఇప్పుడు అందరూ ఒక్కసారే ఎందుకు తీస్తున్నారు? బాబ్ డిలన్, జోనీ మిచెల్ లాంటి గాయకులు కూడా అదే పనిలో ఉన్నారు కదా.

రాత్రి_రేడియో
డిలన్ 1991 నుంచే తీస్తున్నాడు, ఆయన్ని ఈ లెక్కలో వెయ్యొద్దు. జోనీ 2020లో మొదలుపెట్టింది. కారణాల్లో చట్టం కూడా ఒకటి. యూరప్‌లో రికార్డింగుల హక్కు 50 ఏళ్ల నుంచి 70కి పెంచారు, కానీ ఆ 50 ఏళ్ల లోపు విడుదల చేసినవాటికే ఆ పెంపు వర్తిస్తుంది. బీరువాలోనే ఉంచితే హక్కు పోతుంది. అందుకే 2012 చివర్లో డిలన్ కంపెనీ 1962 నాటి రికార్డింగులతో ఓ సెట్‌ని వంద కాపీలకు అటూ ఇటూగా మాత్రమే వేసి, విడుదల చేశామనిపించుకుంది. కొనుక్కుని వినేవాడి కోసం కాదు, కోర్టు కోసం అన్నమాట. 1970ల నాటి టేపులకి కూడా ఒక్కో ఏడాదీ ఆ గడువు వచ్చేస్తోంది. ఇంకా ఆయుష్షు, డబ్బు, ఎవరి కథ వాళ్ళే చెప్పుకోవాలనే కోరిక, అవీ ఉంటాయనుకోండి.

సైడ్_బీ
నాలుగో బాక్స్ వస్తే మొదటి రోజే కొనాలా, ఆగాలా? రెండోదానికి మొదట 3,000 పెట్టెలే వేశారు, చూస్తుండగానే అయిపోయాయి. అప్పుడు జనం కేకలు వేస్తే 2021 మార్చిలో మామూలు ఎడిషన్ వచ్చింది.

మూడో_తీగ
ఆగండి. ఆ 3,000 పెట్టెల్లో ఒకటి వేలం పాటలో కొన్న మా స్నేహితుడికి అమ్మినవాడు అట్టపెట్టెలో బుడగల కాగితం కూడా వెయ్యకుండా పంపాడు, మూల నలిగి వచ్చింది. పాటలు అవే, ధర మూడింతలు. మొదటి రోజు టెన్షన్ పడేవాళ్ళంతా పుస్తకం కోసమో, నంబర్ కోసమో కొంటారు, వినేవాడికి ఆ తొందర అక్కర్లేదు.

కొత్త_చెవులు
ఆఖరి ప్రశ్న. బాక్స్ కొనే స్తోమత లేదు, ఎక్కడ మొదలెట్టాలి?

టేపు_మాస్టారు
'హిచ్‌హైకర్' ఆల్బమ్. 1976 ఆగస్టులో మాలిబూలోని ఒక స్టూడియోలో ఒక్క రాత్రిలో, గిటార్, హార్మోనికా, కొంచెం పియానో, అంతే. 2017లో వచ్చింది. ఇందులోని చాలా పాటల్ని ఆయన తర్వాత బ్యాండ్‌తో మళ్ళీ చేశాడు, ముందు ఇది విని తర్వాత అవి వినండి, ఆ వరస తప్పొద్దు.

రాత్రి_రేడియో
నేనైతే 'మెసీ హాల్ 1971' కచేరీ ఆల్బమ్ అంటాను. సొంత ఊరు టొరంటోలో ఒంటరిగా కూర్చుని, ఇంకా ఏడాదికి గానీ రికార్డుగా రాని పాటల్ని కొత్తగా పాడుతుంటే జనం ఊపిరి బిగబట్టి వింటారు. డబ్బు సమస్య అయితే ఆయన సొంత సైట్‌కి చందా కట్టి వినండి, 24 బిట్ నాణ్యతలో ఉంటాయి. స్పాటిఫైలో కూడా ఉన్నాడిప్పుడు. 2022 జనవరిలో అలిగి వెళ్ళిపోయినవాడు 2024లో తిరిగొచ్చాడు.

కొత్త_చెవులు
రెండూ ఈ రాత్రే మొదలుపెడతా. మొదట 'హిచ్‌హైకర్', మాస్టారు వరస తప్పొద్దన్నారు కాబట్టి.

మూడో_తీగ
జాగ్రత్త బాబూ, నేనూ అలాగే మొదలెట్టాను, ఇప్పుడు ఒకే కచేరీ మూడు రకాల పెట్టెల్లో ఉంది. సైడ్_బీ గారూ, నాలుగో దాంట్లో 1994 దాకా వస్తారా లేక 1992తో ఆపుతారా, పందెం?