బోర్డు పెట్టె మీద 7200 అని ఉంటే 7200 ర్యామే కొనాలా?

ప్రశ్న: మల్కాజిగిరి_ఆల్బమ్స్

నమస్కారం. పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్, చిన్నపాటి వీడియో ఎడిటింగ్ కోసం ఒక పీసీని సొంతంగా అసెంబుల్ చేసుకుంటున్నాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, నాలుగు స్లాట్లున్న బి650 మదర్‌బోర్డు ఇప్పటికే తీసుకున్నాను, మిగిలింది ర్యామ్. బోర్డు పెట్టె మీద డీడీఆర్5 7200 అని (ర్యామ్ తరం, దాని వేగం) పెద్దగా, దాని పక్కన ఓసీ అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నిన్న సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మూడు షాపులు తిరిగితే మూడు మాటలు చెప్పారు. ఒకాయన 7200 వేయకపోతే ఈ బోర్డు కొనడమే దండగ అన్నారు. ఇంకొకాయన ప్రాసెసర్ పరిమితి 5200 కాబట్టి అంతకు మించి పెట్టే ప్రతి రూపాయీ వృథా అన్నారు. మూడో ఆయన ఏదైనా ఒకటే సార్ అంటూ 5600 కిట్‌కు బిల్లు రాయబోయారు. ఇప్పటికి 16 జీబీ స్టిక్కులు రెండు వేసి, మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యాక మరో రెండు కలపాలని నా ఆలోచన. ఎవరి మాట వినాలి?

జవాబు: టైమింగ్స్_బాబాయ్

మొదటి ఇద్దరూ చెప్పినది సగం సగం నిజం. ర్యామ్ వేగాన్ని తేల్చేది బోర్డు ఒక్కటే కాదు. స్టిక్కు, బోర్డు, ప్రాసెసర్‌లో ఉండి ర్యామ్‌ను నడిపించే మెమొరీ కంట్రోలర్ అనే మూడింటిలో ఏది బలహీనమో దాని దగ్గరే వేగం ఆగుతుంది. మీ 7600కు ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చేది, రెండు స్టిక్కులతో, 5200 వరకే. ఆ పైన నడిపేదంతా ఓవర్‌క్లాకింగ్ (ఓసీ), అంటే హామీ వేగాన్ని మించి నడపడం, కిందికి వస్తుంది కనుకనే పెట్టె మీద ఆ చీమ తలకాయ అక్షరాలున్నాయి.

అయితే 5200 దగ్గరే ఆగిపోనక్కర్లేదు. ఈ ప్రాసెసర్లలో దాదాపు 6000 వరకు కంట్రోలరూ మెమొరీ ఒకే గడియారం మీద, అంటే రెండూ 3000 మెగాహెర్ట్జ్ దగ్గర (అసలు గడియారం పెట్టె మీది అంకెలో సగమే), అడుగులో అడుగు వేస్తూ నడుస్తాయి. 7200 కిట్ పెడితే మెమొరీ 3600కు వెళ్తుంది గానీ కంట్రోలర్ సాధారణంగా దానిలో సగానికి, 1800కు, పడిపోతుంది. అదనంగా కొన్న వేగంలో చాలా భాగం అక్కడే హరించుకుపోతుంది.

సీఎల్ అంకెను, అంటే అడిగిన డేటా ఇవ్వడానికి ర్యామ్ తీసుకునే గడియారపు కొట్ల లెక్కను, కూడా తప్పక చూడండి. దాన్ని 2000తో గుణించి, వచ్చినదాన్ని వేగంతో భాగిస్తే ఆలస్యం ఎన్ని నానోసెకన్లో తెలుస్తుంది. 6000 సీఎల్30కు 10 వస్తుంది, 6000 సీఎల్40కు 13 దాటుతుంది; 5600 సీఎల్28కి మళ్లీ సరిగ్గా 10. పెద్ద అంకె చూసి మోసపోయేది ఇక్కడే. నేనైతే ఎక్స్‌పో ప్రొఫైల్ (కిట్ మీద రాసిన వేగానికి ముందే పెట్టి ఉంచిన సెట్టింగులు) ఉన్న 6000 సీఎల్30 కిట్ తీసుకుంటాను, అది అందుబాటు ధరలో దొరక్కపోతే సీఎల్ తక్కువున్న 5600తో నిశ్చింతగా సరిపెట్టుకుంటాను. మీ పనిలో ఆ తేడా కంటికి ఆనదు.

జవాబు: నాలుగు_స్లాట్ల_బాధితుడు

వేగం సంగతి బాబాయ్ గారు చెప్పేశారు. నా భయం మీ "మరో రెండు" గురించి. నేనూ అలాగే చేశాను. ఆరు నెలల తర్వాత అదే కంపెనీ, అదే మోడల్ కిట్ తెచ్చి వేస్తే తెర నల్లగా ఉండిపోయింది. బోర్డు పోయిందనుకుని క్యాబినెట్‌ను స్కూటీ ముందు పెట్టుకుని షాపుకు మోసుకెళ్లాను. అక్కడి కుర్రాడు ప్లగ్ పెట్టి, టీ తాగుతూ కూర్చోమన్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు లోగో వచ్చింది. కొత్త ర్యామ్ వేసినప్పుడు బోర్డు దాన్ని పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుందని, దాన్నే మెమొరీ ట్రైనింగ్ అంటారని అప్పుడు తెలిసింది.

కానీ అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది: నాలుగు స్టిక్కులతో 6000 ఎక్స్‌పో ఒక్క పూట కూడా నిలకడగా నడవలేదు. నాలుగు స్లాట్లూ నిండితే ఏఎండీ హామీ 3600కు దిగిపోతుందన్న సంగతి నేను కొనే ముందు చదవలేదు. ఎప్పటికైనా 64 జీబీ కావాలనుకుంటే ఇప్పుడే 32 జీబీవి రెండున్న ఒకే కిట్ తీసుకోండి. వాటిని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో వేయండి. ఆ కిట్ నంబరు మీ బోర్డు క్యూవీఎల్‌లో, అంటే బోర్డు కంపెనీ పరీక్షించి చూసిన ర్యామ్‌ల జాబితాలో, ఉందో లేదో షాపులో నిలబడే ఫోన్‌లో చూసుకోండి.

ప్రశ్నించినవారు: మల్కాజిగిరి_ఆల్బమ్స్

ఇద్దరికీ ధన్యవాదాలు. 32 జీబీవి రెండు, 6000 సీఎల్30 తెచ్చి బిగించాను. నల్ల తెరను చూస్తూ ఆరు నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. విండోస్ వచ్చాక పీసీ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో చూస్తే 2400 అని చూపిస్తోంది. 6000 స్టిక్కర్ వేసి తక్కువ సరుకు అంటగట్టారా?

జవాబు: టైమింగ్స్_బాబాయ్

లేదండీ, సరుకు సరైనదే. డీడీఆర్ గడియారపు ప్రతి కొట్టుకూ రెండుసార్లు డేటా పంపుతుంది కనుక సీపీయూ-జెడ్ చూపే 2400కు అర్థం 4800. ప్రొఫైల్ ఆన్ చేయని డీడీఆర్5 కిట్లు మామూలుగా మొదలయ్యేది అక్కడే. బయోస్‌లోకి (విండోస్ రాకముందు తెరిచే బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి ఎక్స్‌పో ఆన్ చేసి సేవ్ చేయండి. ట్రైనింగ్ కోసం తెర మళ్లీ నల్లబడితే కంగారు పడకండి. తర్వాత సీపీయూ-జెడ్‌లో దాదాపు 3000 కనిపించాలి. అది కనిపించాక కూడా, ఎవరి పెళ్లి ఫొటోలూ అందులోకి ఎక్కించకముందే, ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఎక్స్‌పో వేగాన్ని 5600కు దించి మళ్లీ పరీక్షించండి.