రాస్తున్న పుస్తకాన్ని మధ్యలోనే నలుగురికీ చూపించాలా, పూర్తయ్యేదాకా దాచుకోవాలా?

మట్టి మిద్దె:
అందరికీ నమస్కారం. మాది గండికోట రిజర్వాయర్ కింద మునిగిపోయిన ఊరు. 2020లో నీళ్లు వీధిలోకొస్తే సామాన్లు ట్రాక్టరుకేసుకోని బయటపడినాం. ఆ ఊరి గురించి మూడేండ్లుగా పుస్తకం రాస్తున్నా. మొదట్లో రోజుకు రెండు పేజీలు పడేవి. తొమ్మిది అధ్యాయాలైనాయి. అయిదు నెలల నుంచి ఒక్క వాక్యం పడలేదు. రాసింది రాసినట్టు మా ఊరోళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే ఊపొస్తుందని స్నేహితుడంటాడు. పెట్టల్లా, వద్దా?

పొద్దుటూరు అయ్యవారు:
పెట్టొద్దు నాయనా. ముందే చెప్పేస్తే రాయాలనే దప్పిక తీరిపోతుంది. 2009లో నేనొక నవల మొదలుపెట్టి, రోజూ స్టాఫ్ రూములో కథ చెప్పేవాణ్ని. అందరూ బాగుందన్నారు. ఆ మెప్పుతోనే కడుపు నిండి నలభై పేజీల దగ్గర ఆగిపోయింది. ఇప్పటికీ బీరువాలో ఉంది. బ్రౌన్ దొరను చూడు. 1820లో కడపకొచ్చినాడు, తెలుగు నిఘంటువు అచ్చయింది 1852లో. అన్నేండ్లు ఎవరి మెప్పు చూసుకోని పని చేసినాడు?

తుంగభద్ర గట్టు:
అయ్యవారూ, బ్రౌన్ ఒంటరిగా కూర్చోలేదండీ. కడపలో బంగళా కొని, పండితులను పెట్టుకొని, సొంత జేబులోంచి జీతాలిచ్చినాడు. ఒక తాటాకు ప్రతిని ఇంకో ప్రతితో సరిచూడడం వాళ్ల పని. అంటే పొద్దున లేస్తే పక్కన చదివేవాళ్లున్నారు. నిఘంటువు కంటే ఎంతో ముందు, 1829లోనే వేమన పద్యాలు అచ్చేసినాడు. అంతా అయిపోయేదాకా దాచిపెట్టలేదు.

పొద్దుటూరు అయ్యవారు:
పండితులు వేరు, గ్రూపు వేరమ్మా. పండితుడు తప్పు చూపిస్తాడు. గ్రూపులో దండం బొమ్మ పెట్టి పోతారు.

తుంగభద్ర గట్టు:
జీతమిచ్చే దొరకు తప్పని చెప్పే ధైర్యం ఎంతమందికుంటుంది?

పొద్దుటూరు అయ్యవారు:
అట్లయితే ఆ పండితులు ఉన్నా లేకున్నా ఒకటే కదా. నా మాటే నిలబడింది.

రాయచోటి అబ్బి:
ఆయప్ప మునిగిన ఊరి సంగతి అడిగితే మీరు దొర సంగతి పట్టుకున్నారేంది సామీ.

చెనిక్కాయ చేను:
నాది అనంతపురం. మా నాయన బతుకు రాసుకున్నా. అచ్చు కాలేదు, కానీ పూర్తయింది. ప్రతి ఆదివారం ఆ వారం రాసింది మా అమ్మకు చదివి వినిపించేదాన్ని. వచ్చే ఆదివారం ఆమె ముందు ఉత్త చేతుల్తో కూర్చోలేక రాసినా. గ్రూపు వద్దన్నా, వినేవాళ్లు ఒక్కరుంటే చాలు.

పొద్దుటూరు అయ్యవారు:
కన్నతల్లి బాగలేదంటుందా తల్లీ? అది కూడా మెప్పే.

చెనిక్కాయ చేను:
మా అమ్మను మీరెప్పుడు చూసినారు? ఆమెకు చదువు రాదు. నాయన ఎడ్లు అమ్మేసినాడని నేను చదివితే, "అమ్మలేదు, అప్పు కింద గుంజుకపోయినారు. ఆ పొద్దు మీ నాయన పలుపు చేత్తో పట్టుకోని వాకిట్లోనే కూర్చున్నాడు" అన్నింది. ఆ ఒక్క మాటకు మూడు అధ్యాయాలు తిరగరాసినా. దాన్ని మెప్పంటారా? మీ నవల ఆగిపోయిందని అందరివీ ఆపకండి.

రాయచోటి అబ్బి:
నిదానం అక్కా.

మట్టి మిద్దె:
నేను మొదట్లో పూర్తిగా చెప్పలేదు, మన్నించండి. ఒక అధ్యాయం గ్రూపులో పెట్టినా, అయిదు నెలల కిందట. నష్టపరిహారం జాబితాలో ఎవరి పేరు ఎట్లెక్కింది, ఎవరిది ఎట్ల జారింది అనేది. ఆ రాత్రే మా చిన్నాయన ఫోన్ చేసి, "మీ నాయన చెప్పిందే నిజమనుకోని ఇంటి గుట్టు వీధిలో పెడతావా?" అన్నాడు. అప్పటి నుంచి నోటుబుక్కు తెరిస్తే ఆ గొంతే వినబడుతుంది.

పొద్దుటూరు అయ్యవారు:
అందుకే దాచుకోమన్నా.

తుంగభద్ర గట్టు:
అందుకే చూపించాలి! మునిగింది ఆయన ఒక్కడి ఊరా? చిన్నాయన ఇల్లు కూడా ఆ నీళ్ల కిందే ఉంది. వాళ్లకు మిగిలేది ఈ పుస్తకమే. అందులో వాళ్ల మాట లేకపోతే ఎట్లా?

పొద్దుటూరు అయ్యవారు:
ఊరంతా ఒప్పుకున్నాకే రాయాలంటే ఒక్క నిజమూ మిగలదమ్మా. నా సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్తా. నవల ఆగింది మెప్పుతో కాదు. స్టాఫ్ రూములో విన్న ఒకాయన అది తన ఇంటి కథేనని గుర్తుపట్టినాడు. పదేండ్లు పక్క కుర్చీలోనే కూర్చోని నాతో మాట్లాడలేదు. నేను చెప్పకుండా రాసింటే పుస్తకమన్నా మిగిలేది.

తుంగభద్ర గట్టు:
ఆయన్ను ఒక్కసారన్నా అడిగినారా, ఏం తప్పు రాసినానని?

పొద్దుటూరు అయ్యవారు:
అడగలేదు.

చెనిక్కాయ చేను:
నేను గట్టిగా మాట్లాడినా అయ్యవారూ, మనసులో పెట్టుకోకండి. ఇది మీరు ముందే చెప్పింటే నేనట్ల అనేదాన్ని కాదు.

మట్టి మిద్దె:
నిన్న పునరావాస కాలనీకి పోయినా, చిన్నాయన దగ్గరికి. నోటుబుక్కులో నేను గీసిన ఊరి పటం ముందు పెట్టినా. చాలాసేపు పలకలేదు. తర్వాత పెన్సిల్ తీసుకోని, యాపచెట్టుకు ఇవతల నేను గీసిన చేదబావిని కొట్టేసి అవతల గీసినాడు. మా మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన కంత, గవాచి, ఏ మూల ఉండేదో చెప్పినాడు. మధ్యాన్నం దాంట్లోంచి ఎండ బిళ్ల పడేది, అది రోలు దగ్గరికొస్తే అవ్వ సంగటికి ఎసరు పెట్టేదంట. నాకది గుర్తే లేదు. రాత్రి ఒకటిన్నర పేజీ రాసినా.

జాబితా అధ్యాయం తీసెయ్యలేదు. ఆయనకూ చదవలేదు.